సెకండ్ పీయూ బయాలజీ: నోట్సు రాసుకునే పద్ధతి, పునశ్చరణ చేసే పద్ధతి

దొడ్డబళ్ళాపురంలో మన తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలది ఒకే దారి. ఇంట్లో తెలుగు, వీధిలో, బడిలో కన్నడ. ఎస్సెస్సెల్సీ దాటి పీయూసీ సైన్సులో చేరగానే పుస్తకమంతా ఇంగ్లీషు. లెక్కల్లో, ఫిజిక్సులో ఈ మార్పు కొంత తట్టుకోవచ్చు, అక్కడ అంకెలు, సూత్రాలు ఆదుకుంటాయి. బయాలజీలో ప్రతి పేజీకీ పది కొత్త మాటలు ఎదురవుతాయి. అందుకే చాలామంది దాన్ని బట్టీ సబ్జెక్టుగా తీసుకుని, పుస్తకాన్ని నోట్సులోకి ఎత్తి రాసి, మార్చిలో దాన్నే మళ్లీ మళ్లీ చదువుతారు. అంత కష్టపడ్డా మార్కులు రావు.

ఈ సబ్జెక్టు మీద ఆధారపడినవి చాలా ఉన్నాయి. నీట్‌లో 720 మార్కులకు 360 బయాలజీవే. బీఎస్సీ వ్యవసాయం వంటి కోర్సులకు దారి చూపే కేసీఈటీలో దీనికి 60 మార్కులు. మగ్గం మీద వచ్చే రాబడితో లక్షల ఫీజు కట్టలేని ఇంటికి ప్రభుత్వ సీటు వస్తుందా రాదా అనేది చాలావరకు ఇక్కడే తేలుతుంది. కోచింగుకు పంపగలిగినా, పంపలేకపోయినా ప్రతి ఇంట్లో పాటించగల పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

ముందు సిలబస్ సరిచూసుకోవాలి

అక్క చదివిన పుస్తకం, పక్కింటి అన్న నోట్సు తమ్ముడికి రావడం మన ఇళ్లలో మామూలే. బయాలజీలో ఇక్కడ కొంచెం జాగ్రత్త పడాలి. కర్ణాటక సెకండ్ పీయూకు వాడేది ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకం. పాత ముద్రణలో 16 అధ్యాయాలు ఉండేవి, సవరించిన పుస్తకంలో 13 ఉన్నాయి. తీసేసినవి మూడు: జీవుల్లో ప్రత్యుత్పత్తి, ఆహారోత్పత్తి పెంచే వ్యూహాలు, పర్యావరణ సమస్యలు. మిగిలిన పాఠాల్లోనూ అక్కడక్కడ కోత ఉంది. పాత నోట్సు వాడేవారు కొత్త పుస్తకం పక్కన పెట్టుకుని, లేని భాగాలను మొదటి రోజే కొట్టేయాలి.

థియరీకి 70 మార్కులు, ప్రాక్టికల్‌కు 30. థియరీలో ఒక మార్కు ప్రశ్నలు (సరైన జవాబు గుర్తించడం, ఖాళీలు పూరించడం), తర్వాత 2, 3, 5 మార్కుల ప్రశ్నలు ఉంటాయి. ఏ అధ్యాయానికి ఎంత బరువో చెప్పే బ్లూప్రింటు, మాదిరి ప్రశ్నపత్రాలు పరీక్షల బోర్డు వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ఆ సంవత్సరానివి చూసుకుని నోట్సు మొదలుపెట్టాలి.

నోట్సు అంటే నకలు కాదు

పుస్తకంలో ఉన్న వాక్యాన్ని నోట్సులోకి దించితే చెయ్యి పని చేస్తుంది కాని బుర్ర పని చేయదు. రంగు పెన్నుతో గీతలు గీయడం, చదివిందే మళ్లీ చదవడం కూడా ఇంతే. 2013లో అమెరికాకు చెందిన జాన్ డన్‌లోస్కీ, ఆయన సహచరులు పది రకాల చదువు పద్ధతుల మీద అప్పటికి జరిగిన పరిశోధనలను సమీక్షించారు. గీతలు గీయడం, తిరిగి చదవడం, సారాంశం రాయడం తక్కువ ఉపయోగం ఉన్నవాటిలో చేరాయి. తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మధ్య విడదీసి చేయడం అన్నిటికంటే పైన నిలిచాయి.

కాబట్టి నోట్సును చదువుకునే పుస్తకంగా కాకుండా, మనల్ని ప్రశ్నలు అడిగే పుస్తకంగా తయారుచేసుకోవాలి. దీనికి కార్నెల్ యూనివర్సిటీకి చెందిన వాల్టర్ పౌక్ ప్రచారంలోకి తెచ్చిన పేజీ అమరిక బాగా పనికొస్తుంది. పేజీని నిలువుగా గీత గీసి విడదీయాలి. ఎడమ వైపు మూడో వంతు ప్రశ్నలకు, కుడి వైపు జవాబులకు, అడుగున నాలుగు పంక్తుల చోటు మొత్తం సారానికి.

లాక్ ఒపెరాన్ పాఠాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఎడమ వైపు ఇలా రాయాలి: లాక్టోజ్ లేనప్పుడు రిప్రెసర్ ఎక్కడ ఉంటుంది? లాక్టోజ్ వస్తే ఏమవుతుంది? మూడు స్ట్రక్చరల్ జీన్లు ఏవి, ఏం తయారుచేస్తాయి? కుడి వైపు పొడి మాటల్లో జవాబు: రిప్రెసర్ ఆపరేటర్‌ను పట్టుకుని ఉంటుంది, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ముందుకు పోలేదు. లాక్టోజ్ ఇండ్యూసర్‌గా రిప్రెసర్‌ను పట్టుకుంటే ఆపరేటర్ ఖాళీ అవుతుంది, ట్రాన్‌స్క్రిప్షన్ మొదలవుతుంది. జెడ్ జీన్ బీటా గెలాక్టోసిడేజ్, వై జీన్ పర్మియేజ్, ఏ జీన్ ట్రాన్సెసిటైలేజ్ ఇస్తాయి. అడుగున ఒక్క వాక్యం: సరుకు వచ్చినప్పుడే పనిముట్టు తయారవుతుంది.

మగ్గాల ఇంటి పిల్లలకు ఈ చివరి మాట తేలిగ్గా పట్టుబడుతుంది. పేక నూలు తెగితే పవర్‌లూమ్ తానే ఆగుతుంది, సరుకు లేకుండా యంత్రం నడవదు. బాక్టీరియా కూడా లాక్టోజ్ లేకుండా ఆ ఎంజైములను దాదాపు తయారుచేయదు. పోలిక జ్ఞాపకానికి మాత్రమే. పరీక్షలో రాయాల్సినవి రిప్రెసర్, ఆపరేటర్, ఇండ్యూసర్ అనే మాటలే.

ఊళ్లో కనిపించేదాన్ని పాఠానికి కట్టాలి

మన చుట్టుపక్కల పట్టు పరిశ్రమ ఉండడం బయాలజీ విద్యార్థికి పెద్ద వరం. కర్ణాటక రైతులు ఎక్కువగా పెంచే సంకర పట్టుపురుగుకు ప్యూర్ మైసూర్ తల్లి, సీఎస్‌ఆర్2 అనే జాతి తండ్రి. రైతు ప్రతి పంటకూ కొత్త గుడ్లు ఎందుకు కొనాలి, తన పురుగుల గుడ్లే ఎందుకు దాచుకోడు? శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టుకు వెళ్లే ఏ రైతునడిగినా రెండో తరం ఒకేలా రాదనే చెబుతాడు. మెండెల్ పాఠంలో ఉన్నదీ అదే. ఎఫ్1 తరమంతా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది, ఎఫ్2లో లక్షణాలు విడిపోతాయి. మెండెల్ సూత్రాలు పట్టుపురుగులోనూ వర్తిస్తాయని జపాన్ శాస్త్రవేత్త తోయామా 1906లోనే చూపించారు.

లింగ నిర్ధారణ పాఠంలో ఆడజీవికి రెండు రకాల క్రోమోజోములు ఉండడానికి పుస్తకం పక్షులను ఉదాహరణగా ఇస్తుంది. పట్టుపురుగులోనూ అంతే, ఆడది జెడ్‌డబ్ల్యూ, మగది జెడ్‌జెడ్. నోట్సులో ఇలాంటి ఒక పంక్తి చేరిస్తే పాఠం మరచిపోవడం కష్టం. పరీక్షలో మాత్రం పుస్తకంలోని ఉదాహరణ ముందు రాయాలి.

మూడు భాషల చిక్కు

కన్నడ మాధ్యమంలో చదివిన పిల్లవాడికి ఫోటోసింథసిస్ అంటే ద్యుతిసంశ్లేషణె. తెలుగులో అది కిరణజన్య సంయోగక్రియ. క్లోరోఫిల్‌కు కన్నడలో పత్రహరిత్తు, తెలుగులో పత్రహరితం, ఇది దగ్గరగానే ఉంది. కొన్ని మాటలు మాత్రం దారి తప్పిస్తాయి. కన్నడలో జీవకోశ అంటే సెల్. తెలుగులో సెల్ అంటే కణం, కోశం అంటే సంచి. తెలుగు పుస్తకంలో పిండకోశం అని చూసి దాన్ని ఒక్క సెల్ అనుకుంటే పాఠమంతా తలకిందులవుతుంది. అది ఎంబ్రియో శాక్, అందులో 7 కణాలు, 8 కేంద్రకాలు ఉంటాయి.

నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంది కాని, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లో రాసేవారికే. కర్ణాటకలో రాసే మన పిల్లలకు ఇంగ్లీషో కన్నడమో తప్పదు. కాబట్టి పని పంచుకోవాలి: అర్థం చేసుకోవడానికి తెలుగు, గుర్తుపెట్టుకునే పేరుకు పరీక్ష రాసే భాష. నోట్సు వెనుక పేజీల్లో ఒక పదాల పట్టిక పెట్టుకోవాలి. ఒక వరుసలో పరీక్ష భాషలో మాట, పక్కన ఇంట్లో మాట్లాడే తెలుగులో ఒక్క వాక్యం అర్థం. తెలుగు లిపి రాని పిల్లలు కన్నడ లిపిలో తెలుగు రాసుకున్నా నష్టం లేదు.

స్పెల్లింగు విడిగా సాధన చేయాలి. పేరు తప్పుగా రాస్తే వేరే పదార్థమైపోయే సందర్భాలు బయాలజీలో చాలా ఉన్నాయి. మెగాస్పోర్, మైక్రోస్పోర్ ఒకటి కావు. స్పెర్మటోగోనియం, స్పెర్మటోసైట్, స్పెర్మటిడ్ మూడూ వేర్వేరు దశలు. ఇలాంటి జంటలను, వరుసలను పక్కపక్కన రాసి తేడా ఏమిటో ఒక్క పంక్తిలో పెట్టుకోవాలి.

బొమ్మలు చూసి కాదు, మూసి వేయాలి

అండం నిలువుకోత, ఎంబ్రియో శాక్, శుక్రకణం, సెమినిఫెరస్ ట్యూబ్యూల్ కోత, యాంటీబాడీ, పీబీఆర్322 ప్లాస్మిడ్, బయోరియాక్టర్: ఇవి ప్రతి విద్యార్థి చేతికి రావలసిన బొమ్మలు. ఒక్కసారి చూసి వేయాలి. రెండోసారి పుస్తకం మూసి వేయాలి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలిన భాగాలను ఎర్ర పెన్నుతో చేర్చాలి. అందంగా షేడింగు చేయడానికి అరగంట పోగొట్టడం కంటే, ఐదు నిమిషాల్లో పెన్సిలుతో స్పష్టమైన గీతలు, తిన్నని సూచక రేఖలు, సరైన పేర్లు పెట్టగలగడం ముఖ్యం.

పునశ్చరణకు లెక్క

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనోవైజ్ఞానికులు విద్యార్థులకు చిన్న గద్యభాగాలు ఇచ్చారు. ఒక భాగాన్ని రెండుసార్లు చదివించారు. మరో భాగాన్ని ఒకసారి చదివించి, పుస్తకం లేకుండా గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినదే ముందుంది. వారం తర్వాత చూస్తే రెండుసార్లు చదివినదాంట్లో సుమారు 42 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినదాంట్లో 56 శాతం గుర్తుంది. పరీక్ష ముందు రాత్రి చదివితే అంతా వచ్చేసినట్టు అనిపించడానికి, హాలులో గుర్తురాకపోవడానికి కారణం ఇక్కడే ఉంది.

పాటించాల్సిన వరుస ఇది:

1. పాఠం జరిగిన రోజు సాయంత్రం: నోట్సు కుడి వైపు మూసి, ఎడమ వైపు ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పాలి. 15 నిమిషాలు చాలు.

2. మూడో రోజు: రానివాటికి మాత్రమే మళ్లీ జవాబు రాయాలి.

3. వారం చివర: ఆ అధ్యాయం నుంచి ఒక 5 మార్కుల ప్రశ్న, ఒక బొమ్మ, పది ఒక మార్కు ప్రశ్నలు చూడకుండా రాయాలి.

4. నెలకోసారి: పాత అధ్యాయాలన్నీ కలగలిపి ప్రశ్నలు తీయాలి. జెనెటిక్స్ తర్వాత ఎకాలజీ, దాని తర్వాత మానవ ఆరోగ్యం. పరీక్షలో ప్రశ్నలు అలాగే కలిసి వస్తాయి.

ఈ రోజుల లెక్క ఇంటి వీలును బట్టి అటూ ఇటూ కావచ్చు. మధ్యలో కొంచెం మరచిపోయేంత ఎడం ఉండాలి, మళ్లీ గుర్తుచేసుకోవడానికి కష్టపడాలి, అదే ముఖ్యం. చివరి విడతలో ఒక్కో అధ్యాయానికి 3 రోజుల చొప్పున రోజూ ఒక గంట పెట్టుకుంటే 13 అధ్యాయాలు 39 రోజుల్లో పూర్తవుతాయి. కాబట్టి జనవరి చివరికల్లా ఈ విడత మొదలవ్వాలి.

పాత ప్రశ్నపత్రాలు రాసినప్పుడు తప్పులకు ఒక చిన్న పుస్తకం కేటాయించాలి. తప్పు పక్కన కారణం రాయాలి: తెలియక పోయిందా, తెలిసి పేరు మరచిపోయిందా, ప్రశ్న సరిగా చదవలేదా. మూడింటికీ మందు వేరు. 5 మార్కుల ప్రశ్నకు ఒకే పేరాగా కాకుండా, విడివిడి అంశాలుగా రాయడం అలవాటు చేసుకోవాలి. దిద్దేవారు మార్కులు వేసేది అంశాలకే.

బయాలజీ తెలియని అమ్మానాన్నలు ఏం చేయాలి

తెలియకపోవడమే ఇక్కడ ఉపయోగం. నోట్సు అమ్మ చేతిలో పెట్టి, ఎడమ వైపున్న ప్రశ్న అడగమనాలి. పిల్ల తెలుగులో చెప్పాలి. “అంటే ఏమిటే?” అని అమ్మ రెండుసార్లు అడిగితే, ఎక్కడ బట్టీ పట్టిందో, ఎక్కడ అర్థమైందో ఇద్దరికీ తెలిసిపోతుంది. ఇంగ్లీషు రాని అవ్వకు టీకా ఎలా పనిచేస్తుందో చెప్పగలిగిన మనవడికి యాంటీబాడీ ప్రశ్న కష్టం కాదు. రాత్రి మగ్గాల చప్పుడులో రాత పని సాగకపోతే, ఈ నోటి పని సాయంత్రానికి, రాత పని తెల్లవారుజాముకు మార్చుకోవచ్చు.

మార్కులు తక్కువ వచ్చినప్పుడు ఇంట్లో పిడుగు పడినట్టు ప్రవర్తించకూడదు. 2024 నుంచి కర్ణాటకలో ఏటా ఒకటికి మించి పరీక్షలు జరుగుతున్నాయి, వాటిలో ఎక్కువ వచ్చిన మార్కులే నిలుస్తాయి. రెండో పరీక్ష రాయడం పరువు తక్కువ పని కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. కణంలో శక్తికి నాణెం వంటి ఏటీపీని తర్వాత హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వెలికితీసినవారిలో ఆయన ఒకరు. ఏటీపీ అనే మాట మన పిల్లలు చదివే పుస్తకంలో ఎన్నోచోట్ల వస్తుంది. ఆ మాట వచ్చిన మొదటి పేజీలో, నోట్సు అంచున, ఆయన పేరు ఒక్క పంక్తి రాసి పెట్టమనండి.