వామూ, కడుపునొప్పీ: వెనకటి కథ



మన కంకిపాడు వైపు వాము వేసే రైతు అరుదు. మాగాణి వరి, దాని మీద మినుము, మనది ఆ లెక్క. వాము కర్నూలు నల్లరేగళ్ల పంట. అయినా వాము డబ్బా లేని వంటిల్లు మనకూ లేదు. పిల్లవాడికి కడుపులో మెలిపెట్టిందంటే అమ్మమ్మ చిటికెడు వాము, రెండు ఉప్పురాళ్లు నలిపి నోట్లో వేసి, గోరువెచ్చని నీళ్లు తాగిస్తుంది. కాసేపటికి నొప్పి సర్దుకుంటుంది. ఎందుకు సర్దుకుంటుందో తెలియడానికి మాత్రం చాలాకాలం పట్టిందండి.

పేగు గోడలో ఉండేది నునుపు కండరం. చేతి కండరంలాగా అది మన మాట వినదు. తనంతట తానే ముడుచుకుంటూ, సడలుతూ తిన్నదాన్ని ముందుకు తోస్తుంది. ఒకచోట బిగుసుకుని వదలకపోతే, అదే మెలిపెట్టే నొప్పి. 1904లో జర్మనీలో రుడాల్ఫ్ మాగ్నస్ అనే శాస్త్రజ్ఞుడు పిల్లి పేగు ముక్కను వెచ్చని ఉప్పునీటిలో వేలాడదీసి, ప్రాణవాయువు అందించి చూశాడు. ఒంటినుంచి వేరైనా ఆ ముక్క గంటల తరబడి ఆడుతూనే ఉంది! ఇంకేముంది, ఏ మూలిక రసమైనా ఆ నీటిలో కలిపి, పేగు బిగిసిందో సడలిందో కళ్లారా చూడవచ్చు.

వాము వంతు ఆలస్యంగా వచ్చింది. 1914 యుద్ధానికి ముందు మనదేశపు వాము ఓడలెక్కి జర్మనీ చేరేది. అయితే కడుపునొప్పికి కాదు, అందులోంచి థైమాల్ అనే క్రిమిసంహారకం తీయడానికి. యుద్ధంతో ఆ బేరం తెగింది. 2005లో కరాచీ ఆగాఖాన్ విశ్వవిద్యాలయంలో అన్వరుల్ హసన్ గిలానీ బృందం కుందేలు పేగు మీద వాము సారాన్ని పరీక్షించింది. పేగు సడలింది. కండరం బిగియాలంటే కాల్షియం కణంలోకి రావాలి. వాము సారం ఆ దారిని మూస్తున్నదని వారు చూపారు. తూము పలక దించితే చేలోకి నీరు ఆగినట్టే అనుకోండి. ఇది పేగు ముక్క మీద తేలిన సంగతి. మనిషికి ఇంత మోతాదు అని చెప్పే లెక్క కాదు.

ఉమ్మెత్తది వేరే దారి. బిగియమని నరం పంపే కబురును అది పేగుకు చేరనివ్వదు. దాని బంధువర్గపు మొక్కలనుంచే 1830ల్లో అట్రోపిన్ తీశారు. 1951లో జర్మనీలో వచ్చిన హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ మందుకూ మూలం ఆ జాతి మొక్కల్లోని సారమే. డాక్టరు కొలిచి ఇచ్చేది మందు. గట్టుమీది ఉమ్మెత్తలో విషం మొక్కమొక్కకూ మారుతుంది, కొలత మన చేతిలో ఉండదు. నోరు ఎండి, కనుపాప పెద్దదై, మతి తప్పి ప్రాణం మీదికి వస్తుంది. ఇంటివైద్యానికి ఆ కాయ కోయకండి.

పశువు దగ్గర మరీ జాగ్రత్త. మంచులో తడిసిన పిల్లిపెసర మేసి గొడ్డుకు ఎడమ డొక్క ఉబ్బిందనుకోండి. నెమరువేసే జీవి మొదటి పొట్ట ముడుచుకుంటేనే త్రేన్పుతో గాలి బయటికి పోతుంది. అప్పుడు ఉమ్మెత్తలాంటిది పోస్తే ఉన్న కదలికా ఆగి, గాలి మరింత బిగుస్తుంది. ఆ గొడ్డుకు గడువు గంటల్లోనే. ముందుకాళ్లు మెరకమీద ఉండేలా నిలబెట్టి, వెంటనే పశువైద్యుడికి కబురు పంపండి.