ఎపిక్యూరసు తోట

భోజనప్రియుని ఇంగ్లీషువారు ‘ఎపిక్యూరు’ అందురు. పంచభక్ష్య పరమాన్నములు లేనిదే పీటమీద కూర్చుండనివానికి ఆ పేరు పెట్టుట వాడుక. కాని ఏ మహనీయుని పేరునుండి ఆ మాట పుట్టినదో, ఆయనకు రొట్టెయు నీరును చాలెడివని చదివినపుడు నాకు కలిగిన ఆశ్చర్యము ఇంతింత కాదు.

ఎపిక్యూరసు క్రీ.పూ. 341లో గ్రీకుల సామోసు ద్వీపమున జన్మించెను. తండ్రి నియోక్లీసు ఏథెన్సు పౌరుడు. ఏథెన్సువారు ఆ ద్వీపమున నెలకొల్పిన వలస కుటుంబములలో చేరి, పిల్లలకు చదువు చెప్పుచు కాలము గడిపెను. అనగా ఈ తత్త్వవేత్త మనవంటి వలసవారి బిడ్డయే. పదునెనిమిదవ ఏట, పౌరులకు విధియైన సైనికశిక్షణకై ఆయన ఏథెన్సు చేరెను. ఆ రోజులలోనే, క్రీ.పూ. 323లో, అలెగ్జాండరు మరణించెను. మరుసటి ఏడు సామోసు తిరిగి స్థానికుల పరము కాగా, వలసవారు ఇండ్లు వాకిళ్లు విడిచి వెడలవలసివచ్చెను. కుమారుడు మరల తల్లిదండ్రులను కలిసికొన్నది పుట్టిన ఊర కాదు, ఆసియా మైనరులోని కొలొఫనున. మన పెద్దలు తుంగభద్ర దాటియో, కావేరి చేరియో స్థిరపడిన కథలు అవ్వల నోట విన్నవారికి ఈ ఘట్టమును విడమరచి చెప్పనక్కరలేదు. ఒక్క రాజాజ్ఞతో ఆస్తి పోవుట చిన్ననాడే చూచినవాడు సుఖమును ఆస్తిపై కట్టకపోవుట సహజమే. ఇది నా ఊహ మాత్రమే సుమా!

కొంతకాలము మిటిలీను, లాంప్సకసు పట్టణములలో బోధించి, క్రీ.పూ. 306 ప్రాంతమున ఆయన ఏథెన్సునకు వచ్చి, 80 మినాలకు ఇల్లును తోటను కొనెను. మినా యనగా నూరు ద్రాఖ్మాలు. ఆ తోటయే ఆయన పాఠశాల. అందు స్త్రీలకు ప్రవేశము కలదు, బానిసలకును కలదు. మీసు అను బానిస గురువుతో కలిసి తత్త్వవిచారము చేసినవాడు. ఆ కాలమున నిది చిన్న సంగతి కాదు. నిందలకు ఇదియు ఒక కారణమే.

ఇక ఆయన చెప్పినదేమి? సుఖమే జీవితమునకు గమ్యము. కాని సుఖమనగా దేహమునకు బాధ లేకుండుట, మనస్సునకు కలత లేకుండుట. కోరికలను ఆయన మూడు విధములుగ విభజించెను. ఆకలి దప్పులు తీర్చుకొనుట వంటివి ప్రకృతిసిద్ధములు, అవశ్యకములు. రుచిగల వంటకము సహజమే కాని అవశ్యకము కాదు. కీర్తి, కిరీటము, అపార ధనము అను కోరికలు ఈ రెంటిలో ఏదియు కావు. వానికి హద్దు లేదు గనుక తృప్తియు లేదు. మొదటివి సులభముగ తీరును. విందు వచ్చినపుడు కాదనవలదు, రానపుడు వగవవలదు. తనకు ఒక చిన్న కుండెడు చీజు పంపుమని, కావలసినపుడు విందు చేసికొందునని ఆయన మిత్రునికి వ్రాసెనట. పూటకింత ఖర్చని ఆయన లెక్కయు చూచుకొన్నాడు. తన భోజనము ఒక్క చిన్న నాణెముకంటె తక్కువలో గడచుచున్నదనియు, అంత దూరము రాని మెట్రొడోరసునకు నాణెము పూర్తిగ పట్టుచున్నదనియు ఆయన వ్రాసికొన్నట్లు రోమను పండితుడు సెనెకా తెలిపెను. జీవితమంతయు కచేరీలో జమాఖర్చులు వ్రాసిన నాకు ఈ మాట మిక్కిలి నచ్చినది.

ఈ మాటలకు పరీక్ష రాకపోలేదు. క్రీ.పూ. 294 నాటికి డెమెట్రియసు అను సేనాని ఏథెన్సును ముట్టడించి ధాన్యము రాకుండ చేసెను. ఇంటికప్పునుండి పడిన చచ్చిన ఎలుకకై తండ్రీకొడుకులు కలియబడిరని ప్లూటార్కు వ్రాసినాడు. ఆ దినములలో ఎపిక్యూరసు చిక్కుడుగింజలను లెక్కపెట్టి తనవారికి పంచుచు వారి ప్రాణములు నిలిపెనట. గురువు నేలపై కూర్చుండి గింజలు లెక్కించు దృశ్యము నా కన్నులయెదుట నున్నది. తత్త్వమును నమ్ముటకు నాకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

మన చార్వాకులకును ఇట్టి గతియే పట్టినది. అప్పు చేసియైన నేయి త్రాగుమన్నారని వారిని ఎగతాళి చేయుదుము. కాని వారిని గూర్చి మనకు తెలిసినది చాలవరకు ప్రతిపక్షుల గ్రంథములనుండియే.

ఐనను ఒక విషయమున ఎపిక్యూరసుతో నాకు పేచీ కలదు. రాజకీయముల జోలికి పోక, మరుగున బ్రదుకుమని ఆయన సలహా. మన పెద్దలు అట్లే ఇంటిపట్టున నుండిన, పొరుగు రాష్ట్రములలో తెలుగు తరగతులకై అర్జీలు పట్టుకొని ఎవరు తిరిగియుందురు? తోట గోడ లోపల తోటివారిని ఆదరించినవాడు గోడ వెలుపలి వీధిని ఏల వదలెనో నాకు బోధపడదు.

క్రీ.పూ. 270లో, డెబ్బదిరెండవ ఏట, మూత్రమార్గమున రాయి అడ్డుపడి ఆయన మరణించెను. తుదినాడు భరింపరాని నొప్పిలోను, మిత్రునితో జరిపిన సంభాషణలు తలచుకొని సంతోషించుచున్నానని జాబు వ్రాసెను. వీలునామాలో మీసునకును, మరి ముగ్గురు బానిసలకును స్వేచ్ఛ నిచ్చెను. గతించిన మెట్రొడోరసు పిల్లల పోషణకు ఏర్పాటు చేసెను. ఆయన వ్రాసిన సుమారు 300 గ్రంథములలో నేడు నిండుగ మిగిలినవి మూడు లేఖలు, నలువది సూత్రములు, మరికొన్ని సూక్తులు. క్రీ.శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతము క్రింద పూడిన హెర్క్యులేనియములోని ఒక భవనమున, ఆయన శిష్యపరంపరవారి గ్రంథపుచుట్టలు బొగ్గై దొరకినవి. విప్పిన పొడియగు ఆ చుట్టలలోని అక్షరములను 2023 నుండి కంప్యూటరు సాయమున, విప్పకయే చదువుచున్నారు.