క్యాసెట్ల నాటి చెలిమి: గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమానుల అరవై ఏళ్లు

ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒక సంగీతకారుడి మీది ఇష్టంతో ఇంటర్నెట్‌లో పరిచయమై, అతని కచేరీలో కలుసుకోవడం ఇవాళ వింత కాదు. ఇది నెట్ తెచ్చిన అలవాటే అనుకుంటాం. అమెరికన్ రాక్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్ కథ చూస్తే మాత్రం చెలిమి ముందు, నెట్ తర్వాత.

1965లో కాలిఫోర్నియాలో జెరీ గార్సియా, బాబ్ వియర్, ఫిల్ లెష్ తదితరులతో రూపుదిద్దుకున్న ఈ బృందం ఏ రెండు రాత్రులూ ఒకేలా వాయించలేదు. ఏ పాట వస్తుందో, ఎంతసేపు సాగుతుందో ఎవరికీ తెలియదు. అందుకే నిన్న విన్నవాళ్లు ఇవాళ మళ్లీ వెళ్లేవారు. వెళ్లలేనివాళ్లు వెళ్లినవాళ్లను పట్టుకుని ఆరా తీసేవారు. 1971 నాటి ఆల్బమ్‌లో, పేరు, చిరునామా రాసి పంపమని బృందం అభిమానులను అడిగింది. అలా వచ్చిన చిరునామాలకు కబుర్లు మోసుకెళ్లే పత్రం వెళ్లసాగింది. ఆ అభిమానులకే డెడ్‌హెడ్స్ అన్న పేరు స్థిరపడింది.

వాళ్లను అసలు కలిపింది టేపులు. కచేరీని రికార్డు చేసినవాడు దాన్ని అమ్ముకోడు. అవతలివాడు ఖాళీ క్యాసెట్లూ, తపాలా ఖర్చులూ పంపితే నకలు తీసి పంపుతాడు. ఆ మార్పిడి కోసమే 1974లో మొదలైన చిన్న పత్రిక రెలిక్స్. అడ్డుకోవాల్సిన బృందమే 1984లో రికార్డు చేసుకునేవారికి ప్రత్యేకంగా చోటు కేటాయించింది.

ఆ మరుసటి ఏడు స్టూవర్ట్ బ్రాండ్, లారీ బ్రిలియంట్ ‘ది వెల్’ అనే కంప్యూటర్ చర్చావేదికను ప్రారంభించారు. నెల చందా కాక గంటల లెక్కన రుసుము కట్టాల్సిన రోజుల్లో, తొలి ఏళ్ల ఆదాయంలో పెద్ద వాటా డెడ్‌హెడ్స్‌దేనని హోవర్డ్ రైన్‌గోల్డ్ 1993 నాటి తన పుస్తకంలో రాశాడు. పాటల వరసలు, టేపుల బేరాలు, టికెట్ల కబుర్లు అక్కడ రాత్రింబగళ్లు నడిచేవి. తెర మీది మారుపేర్లు కచేరీ రోజున మనుషులయ్యేవి. బయటి పార్కింగ్ స్థలం తిరునాళ్లలా ఉండేది: రంగుల చొక్కాలు, వేడి వేడి తిండి, టికెట్ దానం చేయమని ఒక వేలు పైకెత్తి నిలబడ్డ కుర్రాళ్లు. మందు, మత్తు మానేసిన అభిమానులు విరామంలో పసుపు బెలూన్ల గుర్తు చూసి ఒకచోట చేరేవారు.

ఆదరణ కష్టాలూ తెచ్చింది. 1987లో ఒక పాట పెద్ద హిట్టయ్యాక జనం పోటెత్తారు. 1995 జులైలో ఇండియానాలో టికెట్ లేనివాళ్లు కంచె దూకి లోపలికి చొరబడటంతో మర్నాటి కచేరీ రద్దయింది. ఆగస్టు 9న గార్సియా మరణంతో బృందం ప్రస్థానమే ముగిసింది. అయినా అభిమానుల బృందం చెదరలేదు. 2005లో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని రికార్డింగుల ఉచిత డౌన్‌లోడ్‌ను బృందం తరఫువారే ఆపించినప్పుడు వాళ్లు తిరగబడ్డారు. ప్రేక్షకులు తీసిన రికార్డింగులు మళ్లీ అందుబాటులోకి వచ్చాయి. 2015లో బృందంలో మిగిలినవాళ్లు శాంతా క్లారా, షికాగోల్లో ఇచ్చిన ఐదు వీడ్కోలు కచేరీల కోసం అభిమానులు పాత పద్ధతిలోనే కవర్ల మీద బొమ్మలు వేసి టికెట్లకు రాసుకున్నారు. 2024లో లెష్ కన్నుమూశాడు. అయినా 2025 ఆగస్టులో, అరవయ్యో ఏట, శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో మూడు రోజుల కచేరీలకు మళ్లీ జనం చేరారు.

ఈ అరవై ఏళ్లలో ఉత్తరం, క్యాసెట్, కంప్యూటర్ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పాటను ఉచితంగా చేతులు మారనివ్వడమనే నిర్ణయం మాత్రం మొత్తమ్మీద నిలిచింది. ఇచ్చిపుచ్చుకునే వస్తువు ఉండబట్టే పరిచయాలు పెరిగాయి, పరిచయాలుండబట్టే కచేరీలకు జనం తగ్గలేదు. అభిమానిని టికెట్ కొనే చేయిగా మాత్రమే చూసే నేటి సంగీత వ్యాపారం ఈ బృందం నుంచి నేర్చుకోవాల్సింది ఇదే.