తెరమీద నవ్వులు – ఒక పెన్షనరు పరిశీలన

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం పంపమని సంపాదక మిత్రులు ఆదేశించారు. పే రివిజన్ల చరిత్ర రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు కనుక, నేను మన హాస్య చిత్రాల చరిత్ర, దానితోపాటు పిల్లలు చూసే బొమ్మల సినిమాల సంగతి ఎత్తుకున్నాను. ముందుగా ఒక మనవి. నేను సినిమా పండితుణ్ణి కాను. వారమంతా ఇన్‌వార్డు రిజిస్టరుతో కుస్తీపట్టి, ఆదివారం నాడు సంసారంతో సినిమాకు వెళ్ళిన మామూలు ప్రేక్షకుణ్ణి. కాబట్టి ఇందులోని అభిప్రాయాలను ఆ మేరకే స్వీకరించ ప్రార్థన.

మన హాస్యం గురించి చెప్పుకోవాలంటే 1957లో వచ్చిన ‘మాయాబజార్’ దగ్గరే మొదలుపెట్టాలని నా పట్టుదల. అంతకుముందు నవ్వులు లేవని కాదు. 1952లో ‘పెళ్ళిచేసి చూడు’, 1955లో ‘మిస్సమ్మ’ వచ్చి ఆబాలగోపాలాన్నీ నవ్వించాయి. అయితే బొమ్మల సినిమాకూ, హాస్య చిత్రానికీ ఒకేచోట పునాది పడింది మాత్రం కె.వి.రెడ్డిగారి మాయాబజార్‌లోనే. శశిరేఖ పెళ్ళి కథ వ్యాసభారతంలో లేదు. జనం కల్పించుకున్న కథ, 1936లోనే ఒకసారి సినిమాగా వచ్చింది. విజయావారు దాన్ని మళ్ళీ తీసి, పెళ్ళివారి విందంతా ఘటోత్కచుడి పాలు చేశారు. లడ్డూలు వాటంతట అవే లేచి ఎస్.వి.రంగారావుగారి నోట్లోకి వెళుతుంటే, మా ఊరి టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు జనం ఈలలు వేశారు. కంప్యూటరు అన్న మాట ఎవరూ వినని రోజుల్లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే చేసిన గారడీ అది.

గారడీ ఒక్కటే అయితే రెండోసారి నవ్వు రాదు. సావిత్రిగారు మాయాశశిరేఖగా ఉన్నపుడు ఘటోత్కచుడి నడక, హుంకారం తెచ్చుకుని, అంతలో ఎవరో వస్తే ఆడపిల్ల వినయంలోకి జారిపోవటం చూడండి. పెళ్ళిపీటల మీద పాపం రేలంగిగారి కాలు తొక్కటం చూడండి. మాటలు తీసేసినా నవ్వు వస్తుంది. అదే సినిమాలో గిల్పం, గింబళి అనే మాటలున్నాయి. తల్పం, కంబళి తెలిసినవాడికే వాటి రుచి. అంటే కంటితో నవ్వే నవ్వు, చెవితో నవ్వే నవ్వు రెండూ అందులో ఉన్నాయి. తరవాత ముప్పైయేళ్ళ పాటు మనవాళ్ళు ఎక్కువగా చెవి నవ్వునే నమ్ముకున్నారని నాకు తోస్తుంది.

మిస్సమ్మలో రేలంగిగారి దేవయ్య అడిగే ‘తైలం’ తలుచుకోండి. (మన ఆఫీసుల్లో ఎవరికీ తెలియని మాటే అనుకోండి!) 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో సూర్యకాంతంగారు నోరు విప్పితే హాలంతా అప్రమత్తమయ్యేది. రేలంగిగారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పక్కన గడకర్రలా నిలబడ్డ రమణారెడ్డిగారు సినిమాల్లోకి రాకముందు నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు. మన సంఘానికి ఈ విషయం ముచ్చటగా ఉంటుంది. ఆ మాటకొస్తే మనల్ని నవ్వించినవారిలో ఉద్యోగస్తులు చాలామందే. సుత్తి వీరభద్రరావుగారు విజయవాడ ఆకాశవాణిలో, కోట శ్రీనివాసరావుగారు స్టేట్ బ్యాంకులో పనిచేశారు. బ్రహ్మానందంగారు అత్తిలిలో తెలుగు లెక్చరరు. పై అధికారి ముందు బిగబట్టిన నవ్వంతా వీరి ద్వారా బయటపడిందేమో!

ఇక 1987వ సంవత్సరం. నా లెక్కలో మన హాస్య చరిత్రకు అది మలుపు. ఆ ఒక్క ఏడే రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి జంధ్యాలగారి ‘అహ నా పెళ్ళంట’. రెండవది సింగీతం శ్రీనివాసరావుగారి ‘పుష్పకవిమానం’. మొదటిది పూర్తిగా మాటల మీద నడుస్తుంది. రెండవదానిలో మాటే లేదు. ఉద్యోగం లేని కుర్రాడు ఒక ధనవంతుడి స్థానంలో పెద్ద హోటల్లో దిగిన కథను కమల్ హాసన్‌గారు నోరు విప్పకుండా నడిపించారు. విచిత్రమేమంటే ఈ రెండింటికీ తల్లి మాయాబజారే. జంధ్యాలగారి సినిమా పేరు మాయాశశిరేఖ పాటలోంచి వచ్చింది. సింగీతంగారు మాయాబజార్‌కు కె.వి.రెడ్డిగారి దగ్గర సహాయకులుగా పనిచేశారు. ఒకరు చెవిని తీసుకున్నారు, మరొకరు కంటిని తీసుకున్నారు. అన్నదమ్ముల భాగపంపకంలా జరిగింది.

జంధ్యాలగారి గురించి నాలుగు మాటలు ఎక్కువ రాస్తే పాఠకులు మన్నించాలి. అంతవరకు హాస్యం కథ పక్కన నడిచే ప్రత్యేక విభాగం. హీరో హీరోయిన్లకు పాట అయ్యాక కమెడియన్లు వచ్చి వెళ్ళేవారు. ఆయన హాస్యాన్నే కథ చేశారు. 1982లో ‘నాలుగు స్తంభాలాట’ వచ్చాక విసిగించే మాటకారికి ‘సుత్తి’ అన్న మాట ఊరూరా స్థిరపడింది. 1984లో పొత్తూరి విజయలక్ష్మిగారి నవల ఆధారంగా ‘శ్రీవారికి ప్రేమలేఖ’ తీశారు. అందులో శ్రీలక్ష్మిగారు చూసిన సినిమాను టైటిల్స్ దగ్గర నుంచి చెప్పుకొస్తుంటే, ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు గుర్తుకు వచ్చారు. పిసినారి కోటగారు వేలాడదీసిన కోడిని చూస్తూ ఉత్త అన్నం తినే దృశ్యం మాత్రం మాటలు లేకపోయినా నిలిచేదే. 2001లో జంధ్యాలగారు పోయారు. ఆయన తరువాత బూతు మాట లేకుండా రెండున్నర గంటలు నవ్వించటం అరుదైపోయిందని నా అభిప్రాయం. ఒప్పుకోనివారు ఉండవచ్చును.

బొమ్మల సినిమాలు మనకు ఆలస్యంగా వచ్చాయి. అమెరికాలో డిస్నీగారి ‘స్నో వైట్’ 1937లోనే వచ్చింది. టామ్ అండ్ జెర్రీ 1940లో మొదలైంది. మన దేశంలో ఫిల్మ్స్ డివిజన్‌వారు 1956లో బొంబాయిలో కార్టూన్ విభాగం పెట్టారు. డిస్నీ సంస్థ నుంచి క్లెయిర్ వీక్స్ అనే ఆయన వచ్చి మనవాళ్ళకు పని నేర్పారు. 1957లో జాతక కథ ఆధారంగా ‘బన్యన్ డీర్’ తయారయింది. అటు మద్రాసులో ఘటోత్కచుడు లడ్డూలు మింగిన సంవత్సరమే! అయితే ఫిల్మ్స్ డివిజన్ వారి చిత్రమంటే మనవాళ్ళకు సోడా తాగి రావటానికి దొరికిన వ్యవధి. గుమాస్తా బుద్ధితో లెక్క వేశాను. సెకనుకు 24 ఫ్రేములు చొప్పున నిమిషానికి 1,440. రెండు గంటలకు 1,72,800. ఒక్కొక్క బొమ్మ రెండేసి ఫ్రేములకు సరిపెట్టినా సగం గీయవలసిందే. అంత చాకిరీ చేసేవారిని వదిలేసి సోడాకు పోయామన్నమాట.

తెలుగులో పూర్తి నిడివి బొమ్మల సినిమా ‘కిట్టు’ 2006లో వచ్చి జాతీయ అవార్డు పొందింది. సింగీతంగారు 2003లో ‘సన్ ఆఫ్ అలాద్దీన్’, 2008లో ‘ఘటోత్కచ్’ తీశారు. నేను 58 ఏళ్ళు నిండి ఫైళ్ళు అప్పగించి ఇంటికి వచ్చింది కూడా 2008లోనే. ఆయనకు అప్పటికి 76 ఏళ్ళు. యాభై ఏళ్ళ కిందట మాయాబజార్ సెట్లో నిలబడి చూసిన ఘటోత్కచుణ్ణి ఆయన బొమ్మగా మళ్ళీ లేపారు. ఆ ఉత్సాహానికి చేతులెత్తి నమస్కరిస్తాను. సినిమా మాత్రం నాకు మొదటిదానిలో సగం కూడా ఎక్కలేదు. గీతలు ముచ్చటగానే ఉన్నాయి. లడ్డూ తిన్నాక రంగారావుగారి కళ్ళలో కనబడే తృప్తిని ఏ గీతలో తెస్తాం?

మా మనవడికి ఈ బాధ లేదు. ఇంగ్లీషు మీడియం కుర్రవాడు. మాయాబజార్ పెడితే లడ్డూలకు పడీ పడీ నవ్వుతాడు, సావిత్రిగారి నడకకు నవ్వుతాడు, గింబళి దగ్గర నా ముఖం చూస్తాడు. కంబళి అంటే ఏమిటని అడిగాడు. ఇంట్లో ఉన్నది చూపించి చెప్పాను. ‘తైలం’ దగ్గర ఇంకా ఎక్కువసేపు పట్టింది. వివరించి నవ్వించటమంత కష్టం ఆడిట్ అభ్యంతరాలకు జవాబు రాయటంలో కూడా లేదు. కంటి నవ్వు వాడికి అందింది. చెవి నవ్వు మా తరంతో పోయేటట్లుంది.

2025 జూలైలో ‘మహావతార్ నరసింహ’ అనే బొమ్మల సినిమా తెలుగులో కూడా విడుదలై, పెద్దలతో సైతం హాళ్ళు నింపింది. నేనూ వెళ్ళాను. ప్రహ్లాదుడి కథ కనుక అక్కడ భక్తే ప్రధానం. ఇంత సత్తా వచ్చాక, ఎక్కడి నుంచో తెచ్చి డబ్బింగు చెప్పింది కాక, అచ్చంగా తెలుగులో పుట్టిన హాస్యంతో ఒక బొమ్మల సినిమా ఎవరైనా తీస్తే టిక్కెట్టు కొనటానికి మా ఇంట్లో ఇద్దరం సిద్ధంగా ఉన్నాం. మనవడితో కలిపి ముగ్గురం.