కాణి నుండి పట్టా వరకు: పెట్టుబడిదారీ విధానము ప్రకృతిసిద్ధమా, మానవ నిర్ణయమా?

కాణిపాకమునకు వచ్చు యాత్రికుడు మొట్టమొదట వినునది ముగ్గురు సోదరుల కథ. ఒకడు గ్రుడ్డివాడు, ఒకడు మూగవాడు, ఒకడు చెవిటివాడు. విహారపురి అను గ్రామమున కాణి పొలమును సాగు చేసికొని వారు జీవించుచుండిరి. ఒకనాడు ఏతముతో తోడుచుండగా నూతిలోని నీరు అడుగంటెను. లోతు చేయుటకై దిగిన సోదరుని పార యొక రాతికి తగిలి, ఆ రాతినుండి నెత్తురు స్రవించెననియు, దాని స్పర్శచే మువ్వురి అంగవైకల్యములును తొలగెననియు, ఆ నూతియందే వరసిద్ధి వినాయకుని మూర్తి వెలసెననియు స్థలపురాణము చెప్పును. గ్రామస్థులు కొట్టిన కొబ్బరికాయల నీరు కాణి నేల మేర పారినందున ఆ చోటికి కాణిపారకమని పేరు వచ్చి, వాడుకలో కాణిపాకమైనదని పెద్దలందురు.

భక్తులకు ఈ కథయందు దైవమహిమ గోచరించును. చరిత్ర చదువువారికి అందలి 'కాణి' యను మాట కూడ ఆలోచింపదగినది. కాణి యొక భూమి కొలత. అంతియేగాక, ఈ జిల్లాను ఆనుకొనియున్న తమిళదేశమున అది వంశపారంపర్యముగ వచ్చు భూస్వత్వమునకు కూడ పేరు. దానినే కాణియాచ్చి అనిరి. తరువాతి కాలమున మిరాసి అనిరి. 1816లో దక్షిణదేశ భాషల బంధుత్వమును నిరూపించిన ఎల్లిస్ దొరయే, 1818లో మద్రాసు కలెక్టరుగా నుండి, ఈ మిరాసి హక్కును గూర్చి ప్రశ్నోత్తరరూపమున విపులముగ వ్రాసెను. కాణి గలవానికి పొలముతోపాటు ఊరి బంజరునందును, నీటియందును, పంటలోని కొన్ని రాబడులయందును భాగముండెడిది. నేటి రైతు చేతిలోనుండు పట్టా దీనివంటిది కాదు. కాణి పట్టాగా మారిన వృత్తాంతమును తెలిసికొన్నచో, పండితులు తర్కించుకొను ఒక పెద్ద ప్రశ్నకు మన పొలిమేరలోనే కొంత సమాధానము దొరకును.

ఆ ప్రశ్న యిది: భూమిని సరకువలె కొనుట, శ్రమను కూలికి అమ్ముట, లాభముకొరకు పెట్టుబడి పెట్టుట అను ఈ పెట్టుబడిదారీ విధానము వానవలె ప్రకృతిసిద్ధమైనదా? లేక కాలువవలె మనుష్యులు త్రవ్వుకొన్నదా? వానయైనచో దానికి తలయొగ్గుట తప్ప వేరు దారి లేదు. కాలువయైనచో ఎవరు త్రవ్విరి, ఎవరి పొలమునకు త్రవ్విరి, గట్టు మార్చవచ్చునా అని అడుగుటకు ఊరివారందరికిని హక్కు గలదు.

ప్రకృతిసిద్ధమను వారి వాదము తేలికగ త్రోసివేయదగినది కాదు. 1776లో ఆడం స్మిత్ అను స్కాట్లండు పండితుడు, ఒక వస్తువునిచ్చి మరియొక వస్తువును పుచ్చుకొను ప్రవృత్తి మానవునికి సహజమని వ్రాసెను. మన సీమలో సంతలు నిన్న మొన్న పుట్టినవి కావు. చోళుల శాసనములలో భూమి విక్రయములు కనబడుచున్నవి. విజయనగర కాలమున పేటలును, వర్తకశ్రేణులును వర్ధిల్లెను. వడ్డీ వ్యాపారము అంతకంటె ప్రాచీనము. కావున బేరమాడుట మనకు పరదేశీయులు నేర్పిన విద్య యనుట పొరపాటు.

అయినను సంత వేరు, సంతయే సర్వమును శాసించుట వేరు. పూర్వము పంట కళ్ళమునకు చేరినప్పుడు దాని విభజన బజారు ధరను బట్టి జరుగలేదు. రాజభాగము పోగా, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగు ఆయగాండ్రకు మేరలు కొలిచి యిచ్చెడివారు. చెరువు నీటిని మళ్ళకు పంచు నీరుగంటికి అతని వంతు ఉండెను. చెరువును స్వంత ఖర్చుతో త్రవ్వించిన లేక మరమ్మతు చేయించిన వానికి దశబంధమను ఇనాము లభించెడిది. ఆయకట్టులో పదియవ వంతు ననుభవించుచు చెరువును కాపాడుట అతని బాధ్యత. కడప, అనంతపురము, చిత్తూరు సీమలలో ఈ దశబంధము బహుళముగ వ్యాపించియుండెను.

ఈ పాత యేర్పాటును స్వర్ణయుగమని పొగడనవసరము లేదు. కళ్ళములో ఎవరి కెంత యను లెక్క కులమును బట్టి నడచెను. మాల మాదిగలకు చాకిరి యెక్కువ, భూమి లేదు. యజమానిని విడిచి పోవు స్వేచ్ఛ యనేకులకు లేకుండెను. బానిసత్వమునకు న్యాయస్థానములలో గుర్తింపును తొలగించిన చట్టము 1843లో గాని రాలేదు. కాని యొక విషయము స్పష్టము: ఆ వ్యవస్థయు ప్రకృతి యిచ్చినది కాదు, మనుష్యులు కట్టుకొన్నదే. దానిని అనుభవించినవారు మాత్రము అది సృష్ట్యాదినుండి వచ్చుచున్నదని నమ్మిరి. ఏ కాలమున నెవరు పైచేయిగ నుందురో వారికి ఆనాటి యేర్పాటు సహజముగనే తోచును.

1801లో ఆర్కాటు నవాబు చేతినుండి కర్ణాటక రాజ్యపాలన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. చిత్తూరు సీమ అందులోనిది. ఆ కంపెనీయే నేలలో మొలచినది కాదు. 1600లో ఎలిజబెత్తు రాణి యిచ్చిన సన్నదుచే పుట్టిన వర్తకసంఘము. చిత్తూరు పాలెగాండ్రు ఎదురు తిరిగిరి గాని 19వ శతాబ్దారంభముననే అణగద్రొక్కబడిరి. పిమ్మట భూమిశిస్తును ఎట్లు రాబట్టవలెనను విచారము పుట్టెను.

1802లో శాశ్వత కౌలు చట్టము చేసి జమీందారులకు సన్నదులిచ్చిరి. కాళహస్తి, కార్వేటినగర సంస్థానములు అట్లు జమీందారీలయ్యెను. 1808 మొదలు పెక్కు జిల్లాలలో ఊరినంతటిని కొన్ని సంవత్సరములకు గుత్తకిచ్చు పద్ధతిని పెట్టి చూచిరి. తుదకు, 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, 1820లో మద్రాసు గవర్నరై వచ్చి, ప్రతి రైతుతో నేరుగ శిస్తు నిర్ణయించు రైతువారీ విధానమును స్థిరపరచెను. ఇరువది సంవత్సరములలో మూడు పద్ధతులు! మూడింటియందును భూమి యదియే, వాన యదియే, రైతు వాడే. భూమికి యజమాని ఎవరను సమాధానము మాత్రము మూడు విధములుగ మారెను. ప్రకృతి విధించిన యజమాన్యమైనచో ఇట్టి పరీక్షలతో పని యేమి?

రైతువారీలో శిస్తును రొక్కముగ చెల్లింపవలెను. వానలు వచ్చినను రాకున్నను కిస్తు నాటికి రూపాయలు కావలెను. రూపాయలు కావలెనన్న అమ్ముడుపోవు పంట పండింపవలెను; లేదా షావుకారు గడప త్రొక్కవలెను. బాకీ పడిన రైతు భూమిని వేలము వేయు పద్ధతిని 1864 నాటి రెవిన్యూ వసూలు చట్టము క్రమపరచెను. ఇట్లు రైతు సంతకు పోవుట కేవలము వాని ప్రవృత్తివలననే జరిగినది కాదు. సర్కారు కిస్తు వెనుకనుండి నెట్టినది.

తక్కిన వ్యవస్థకు కూడ చట్టములే రాళ్ళు పేర్చెను. 1857లో వాటాదారుని బాధ్యతను వాటా మేరకు పరిమితము చేయు కంపెనీ చట్టము వచ్చెను. బయానా పుచ్చుకొని పని మానిన కూలివానిని శిక్షించుటకు 1859లో చట్టము చేసిరి; 1925లో గాని దాని రద్దునకు శాసనము కాలేదు. కూలికి పోవుట నిజముగ సహజమే యైనచో దానికి చెరసాల బెదిరింపు ఎందులకు? 1872లో ఒప్పందముల చట్టము, 1882లో ఆస్తి బదలాయింపు చట్టము వెలసెను. 1882లోనే వచ్చిన ఈజుమెంట్ల చట్టము, ప్రవాహముగ లేని భూగర్భజలమును తన హద్దులలో తోడుకొను హక్కు భూమి యజమానిదని గుర్తించెను. మరియొకవంక, చెరువు పనికి ఊరివారు వాడుకగ చేయు శ్రమను నిలుపుటకు 1858లోనే చట్టము చేయవలసివచ్చినది. ఒకప్పుడు కట్టుబాటుచే నడచిన పని శిథిలమైనందుననే కదా దానికి శాసనము కావలసినది!

కారల్ పొలానీ అను చరిత్రకారుడు 1944లో ప్రకటించిన గ్రంథమున ఇంగ్లండు విషయమై ఇట్టి సిద్ధాంతమునే చేసెను. భూమి, శ్రమ, ధనము అను మూడును అమ్మకముకొరకు తయారైన వస్తువులు కావనియు, వానిని సరకులుగ మార్చుటకు ప్రభుత్వము పూనుకొనవలసివచ్చెననియు అతని వాదము.

అట్లని ఈ విధానము బలవంతముచేతనే నిలిచినదనుటయు న్యాయము కాదు. చెరకు నాటి బెల్లము వండి చిత్తూరు మండీకి తోలిన రైతు తన లాభము చూచుకొనియే తోలెను. రొక్కపు కూలి దొరకినందున యజమాని వాకిలి విడిచి పట్నమునకు పోగలిగిన పాలేరునకు ఆ రూపాయి విమోచనముగ తోచియుండును. ప్రవృత్తి మనుష్యునిదే, దానిని ఏ గట్లమధ్య పారింపవలెనన్నది చట్టముది. 1802లోను, 1820లోను ఆ నిర్ణయము చేసినవారు మన ఊరివారిని అడుగలేదు. అది నిర్ణయమే గాని, మన నిర్ణయము కాదు.

స్వాతంత్ర్యానంతరము ఆ గట్లను మార్చు అధికారము ప్రజలకు వచ్చినది. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేటుల రద్దు చట్టము చేయగా, శాశ్వతమని పేరు పెట్టుకొన్న జమీందారీ నూటయేబది సంవత్సరములైన నిండకుండ అంతరించెను. 1973లో భూపరిమితి చట్టము వచ్చెను. 1978లో రాజ్యాంగ సవరణచే ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల పట్టికనుండి తొలగి సామాన్యమైన చట్టబద్ధ హక్కుగ నిలిచెను. 1991లో దేశము మరల మార్కెట్టు వైపు తిరిగెను. ఇవి మంచివా, చెడ్డవా యనుటలో భేదాభిప్రాయము లుండవచ్చును. ప్రతి యొకటియు ఓటు వేయువారి ప్రతినిధులు చేసిన నిర్ణయమనుటలో భేదము లేదు.

ఇది గడచిన కథ మాత్రమే కాదు. 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర కూలిపోగా, చిత్తూరు జిల్లా రైతులు పండ్లగుజ్జు కర్మాగారముల ముందు బండ్లు నిలుపుకొని వేచియుండిరి. అప్పుడు ప్రభుత్వము కిలోకు 12 రూపాయలని నిర్ణయించి, అందు 8 రూపాయలు కర్మాగారములును, 4 రూపాయలు ప్రభుత్వమును ఇచ్చునట్లు ఏర్పాటు చేసెను. ఆ ధర చాలునా, చేతికి సకాలమున అందునా యను ప్రశ్నలు వేరు. ధర యనునది ఆకాశమునుండి పడునది కాదని మాత్రము తోట గలవారందరికిని తెలిసినది.

నీటి సంగతియు నట్టిదే. ఎవరి హద్దులో వారు బోరు వేసికొనుచు పోగా, ఒకని బోరు లోతైనకొలది ప్రక్కవాని బావి యెండినది. పట్టా గీత నేలమీదనే గాని నీటిమీద పడదు. కావుననే 2002లో ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టమును చేసి బావుల నమోదును, ఆంక్షలను విధించిరి. 1882లో ఒకరు గీసిన గీతను 2002లో మరియొకరు సరిదిద్దబూనిరి. అమలు జరిపించుకొనుట ఊరివారి పని.

స్థలపురాణములోని ముగ్గురు సోదరులకు నూయి యొక్కటియే. చూడలేనివాడు, వినలేనివాడు, మాటలాడలేనివాడు కలిసి ఏతము నడపిరి. ఎవరి వంతు నీరు వారిదని పంచుకొన్నచో ఆ సాగు సాగెడిదా యని అడుగుట తప్పు కాదు. గ్రంథాలయమునకు చందా కట్టువారు ఆ విషయమును ఎరిగినవారే: ఇచట పుస్తకము అమ్మబడదు, ఒకరు చదివి మరియొకరి కిత్తురు. దీనిని ప్రకృతి యేర్పరుపలేదు, బజారు ఏర్పరుపలేదు. ఊరు కోరి యేర్పరచుకొన్నది. ఊరు మానినచో మూతపడును. తక్కిన యేర్పాటులన్నియు ఇట్టివేయని గ్రహించినవారు, వానిలో నిలుపుకొనదగిన దేదో, మార్చుకొనదగిన దేదో తామే తేల్చుకొనవలసియుందురు.