విహారమును, వెట్టియును

పనిచేసినవానికి విశ్రాంతి యవసరమని యెల్లరు నంగీకరింతురు. ఆ విశ్రాంతిని నాలుగుగోడల నడుమఁ గడపుటకంటె నొక చెఱువుకట్టమీఁదనో, కొండచఱియయందో, ప్రాఁతగుడి మండపములోనో గడపుట మేలని నేఁడు మన కుటుంబములు గ్రహించుచున్నవి. ఆదివారము వచ్చినచో జనగామనుండియు, మహబూబాబాదునుండియు, భూపాలపల్లినుండియు బండ్లు బయలుదేఱుచున్నవి. ఇది సంతోషింపఁదగిన విషయమే. కాని యీ విహారసుఖము మన ప్రాంతమున నెట్లు పెరిగినది, ఎవరికి లభించినది, ఎవరి శ్రమమీఁద నడచినది యను చరిత్రమును మనము తలఁచుకొనుట లేదు. ఆ చరిత్రమును మఱచినందుననే ప్రాఁత దోష మొకటి క్రొత్తవేషముతో మన యిండ్లలోనికిఁ బ్రవేశించినదని మా యభిప్రాయము. దానినే యీ వ్యాసమున విన్నవింపఁదలఁచితిమి.

మన పూర్వులు విహారప్రియులు కారని కొంద ఱందురు. అది సరికాదు. జనగామ జిల్లాలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుని జన్మస్థలమని ప్రసిద్ధి. ఆ కవి రచించిన పండితారాధ్యచరిత్రమునఁ బర్వతప్రకరణ మను భాగము కలదు. శివరాత్రికి శ్రీశైలమునకుఁ బోవు యాత్రికుల పాటలు, ఆటలు, వేషములు అందు విస్తరించి వర్ణింపఁబడినవి. దేవునిపేరిట బయలుదేఱినను ఆ జనులకుఁ ద్రోవయే పండుగ యయ్యెనని చదువరికిఁ దోఁచును. పదునైదవ శతాబ్దినాఁటి క్రీడాభిరామమున నిద్దఱు మిత్రు లోరుగల్లు పట్టణమునఁ దిరుగుచు వీథులు, గుళ్లు, ఆటపాటలు చూచుటయే కథ. ఇవి గాక కార్తికమాసపు వనభోజనములు మన పల్లెలయం దెప్పటినుండియో యున్నవి. అయితే యొక్కమాట చెప్పక తప్పదు. ఉసిరిచెట్టు నీడ యందఱి కొక్కటియే గాని, దానిక్రింద విస్తళ్లు మాత్రము కులమున కొకచోట వేసెడివారు. ప్రకృతి కలిపినవారిని పంక్తి విడఁదీసినది.

యాత్రయు వనభోజనమును ప్రజల విహారములు. దొరల విహారము వేఱు. ఈ మూఁడు ప్రాంతములును 1948 వఱకు నిజాము రాజ్యములో నుండెను. జాగీర్దారుఁడు గాని, దేశముఖు గాని, సర్కారు అధికారి గాని వేటకో సవారికో బయలుదేఱినప్పుడు ఊరిలోని బీదవానికి నిద్ర యుండెడిది కాదు. ఒకఁడు బండి కట్టవలెను. ఒకఁడు కట్టెలు కొట్టవలెను. ఒకఁడు నీరు మోయవలెను. కోళ్లు, పాలు, పెరుగు విడిదికిఁ జేరవలెను. అడవిలోఁ జొచ్చి డప్పులు కొట్టి మృగములను వేటకానివైపునకుఁ దఱుమవలెను. ఇందు వేనికిని కూలి లేదు. దీనినే వెట్టి యనిరి. దొరగారికి పాకాల యడవులు పచ్చగాఁ గానవచ్చినవనిన, ఆ పచ్చఁదనము వెట్టివాని చెమటతోఁ దడిసినది. ఆ యడవియందే పుట్టిపెరిగిన వానికి దానిని చూచి యానందించు తీరిక మాత్రము లేకపోయెను.

ఈ దురాచారమును నిర్మూలింపవలెనని 1921లో హైదరాబాదునఁ బుట్టిన ఆంధ్రజనసంఘమువారును, తరువాత ఆంధ్రమహాసభవారును చిరకాలము పాటుపడిరి. తుదకు జనగామ ప్రాంతమే పోరాటభూమి యయ్యెను. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు బలి యయ్యెను. ఆ రైతుల కథను తెలుఁగుతెఱమీఁదఁ జూడఁగోరువారు, 1980లో విడుదలయిన ‘మా భూమి’ చిత్రమును జూడవచ్చును. కృషన్ చందర్ నవల నాధారముగాఁ గొని గౌతమ్ ఘోష్ దానికి దర్శకత్వము వహించెను. పాలకుర్తి త్రోవలోఁ బోవు కుటుంబములు దానినొకమాఱు చూచి పోయినచో, త్రోవకిరుప్రక్కల నున్న చేలు వట్టి పచ్చఁదనముగాఁ గాక, మనుష్యుల కష్టార్జితముగాఁ గానవచ్చును.

విహారము పలువురకు సాధ్యమగుటకు రెండు కారణములు గలవు. ఒకటి రైలు, రెండవది వారమునకొక సెలవు. నిజాము రైలుమార్గము 1886లో నోరుగల్లువఱకును, 1889లో బెజవాడవఱకును వచ్చెను. జనగామయు, మానుకోట యను ప్రాఁతపేరుగల మహబూబాబాదును ఈ మార్గముమీఁదివే. బొగ్గును సరకులను మోయుట కుద్దేశింపఁబడిన రైలే, మూఁడవ తరగతి బల్లమీఁద బీదవానిని గూడఁ గూర్చుండఁబెట్టి, ఊరు దాఁటించినది. వారపు సెలవు కూడ నూరక వచ్చినది కాదు. బొంబాయి మిల్లుకార్మికులకై నారాయణ మేఘాజీ లోఖండే యేండ్లతరబడి పోరాడినపిమ్మట 1890లో నచ్చటి మిల్లుయజమానులు ఆదివారపు సెలవున కొప్పుకొనిరి. విదేశములయందును నిదే చరిత్రము. 1936లో ఫ్రాన్సుదేశమున కార్మికులకు జీతముతోఁగూడిన రెండువారముల సెలవు చట్టముచే లభించినప్పుడు, ఆ యేఁట వేలకొలఁది కుటుంబములు మొదటిసారి సముద్రమును జూచినవి. కాఁబట్టి మన మనుభవించు నాదివార మొకరి దానము కాదు, పలువురి పోరాటఫలము. దానిని నిద్రలోనో పేకాటలోనో పోఁగొట్టుట కృతజ్ఞత యనిపించుకొనదు.

ఇఁక విహారమున కుపకరణములు గ్రంథములు. చదువక చూచినవాఁడు రాళ్లను జూచును. చదివి చూచినవాఁడు కాలమును జూచును. ఈ సంగతి నెఱిఁగిన పెద్దలు మనకు మార్గము చూపియే యున్నారు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1923లోఁ గాలధర్మము నొందిన తరువాత నాయన పేరిట హైదరాబాదున నడచిన లక్ష్మణరాయ పరిశోధకమండలివారు తెలంగాణపు శాసనములను సేకరించి, 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటిభాగమును వెలువరించిరి. ఆ మండలి కార్యదర్శి ఆదిరాజు వీరభద్రరావుగారు మావలెనే బడిపంతులు. పాలంపేటలోని రామప్పగుడినిగూర్చి గులాం యజ్దానీగారు 1922లోఁ బుస్తకము వ్రాసిరి. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుఁడు కట్టించిన యా గుడి 2021లోఁ బ్రపంచవారసత్వసంపదగా నంగీకరింపఁబడెను. అది 2019 వఱకు భూపాలపల్లి జిల్లాలో నుండి, నేఁడు ములుగు జిల్లాలోఁ జేరినది. లోకము దానిని గుర్తించుటకు సుమారు నూఱేండ్లకు ముందే యొక పుస్తకము దానిని గుర్తించినది. ఆ నూఱేండ్లును మనలో నెందఱము దానిని జదివితిమి?

చలనచిత్రముల విషయమున మాకు శంకయు కలదు, ఆశయు కలదు. పాలకుర్తి మండలములోనే బమ్మెర గ్రామము కలదు. భాగవతమును తెనిఁగించిన పోతన యూరదియే యని యోరుగల్లువారి విశ్వాసము. కడపజిల్లా ఒంటిమిట్టయే యని మఱికొందఱి వాదము. 1943లో కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున వాహినివారు తీసిన ‘భక్త పోతన’ యందు చిత్తూరు నాగయ్యగారు పోతనగా నటించిరి. రాజునకుఁ గృతినియ్యనొల్లక నాగలి పట్టిన కవి యను భావమును తెలుఁగుజనుల హృదయములలో నాటిన దా చిత్రమే యనిన నతిశయోక్తి కాదు. అయితే చిత్రము చూచి బమ్మెరకుఁ బోయినవాఁ డచ్చట కోటలను గాని, దివ్యదర్శనములను గాని కానఁడు. పొలములను, ఎడ్లను, మన యూరివంటి యూరినే కానును. కొందఱిందుకు నిరాశపడుదురు. మాకుమాత్ర మదియే యసలు దర్శన మనిపించినది. తెఱ కోరికను బుట్టింపవలెను. పుస్తకము దానికిఁ గన్ను లీయవలెను. కాళ్లు దానిని నిజము చేయవలెను. ఈ మూఁటిలో నేది లోపించినను విహారము కుంటువడును.

ఇట్లు మేము పెద్దమాటలు చెప్పుచున్నాము గాని, మా యజ్ఞానము మాకు బయ్యారము చెఱువుకట్టమీఁద బయల్పడినది. మహబూబాబాదు జిల్లాలోని యా చెఱువును గణపతిదేవుని సోదరి మైలాంబ పదుమూఁడవ శతాబ్దిలోఁ ద్రవ్వించెను. దానికి ధర్మకీర్తిసముద్ర మని పేరు. ఆమె వేయించిన శాసనము కాకతీయవంశపు తొలిపురుషులను దెలుపు ముఖ్యాధారములలో నొకటి. ఒక కార్తికపు టాదివారమున రెండు పొరుగుకుటుంబములతోఁ గలసి మే మక్కడికిఁ బోయితిమి. మగవారు చాఁపలు పఱచుకొని కూర్చుండిరి. పిల్లలు చెట్లక్రింద పరుగులెత్తిరి. ఆఁడువారు మూఁడురాళ్లు పెట్టి, పొయ్యి రాఁజవేసి, మధ్యాహ్నము దాఁటువఱకు వంటచేసిరి. మేము చేతఁ బుస్తకము పట్టుకొని యా చెఱువు చరిత్రమునే చదువుకొనుచుంటిమి.

అప్పుడు మా చిన్నకూఁతురు వచ్చి, “బాపూ, ఈ చెరువు ఏ రాజు తవ్విచ్చిండు?” అని యడిగెను. రాజు కాదమ్మా, రాజుగారి చెల్లెలని మేము మైలాంబ కథ చెప్పితిమి. పొయ్యియొద్ద గరిటె త్రిప్పుచున్న పొరుగింటి యామె యది విని, కన్నులు తుడుచుకొనుచు, “సారూ, ఆమె చెరువు తవ్విచ్చింది. మేము గట్టుదాకా వచ్చి పొగనే చూసినం” అనెను. ఆమె నవ్వుచునే యనెను. మాకు మాత్రము నవ్వు రాలేదు. వెట్టినిగూర్చి బడిలోఁ బాఠము చెప్పు మేము మా యింటి విహారములో నెవరు వెట్టి చేయుచున్నారో చూడనైతిమి. అంతేకాదు, దూరముగా బండియొద్ద, అద్దెబండి నడపు యువకుఁడు మా భోజనములయిన తరువాత మిగిలినది తినుటకై కాచుకొని యుండెను. వేట పోయినది, డప్పులు పోయినవి; మోయువాఁడును వండునదియు మాత్ర మట్లే యున్నారు.

ఆ దినమునుండి మేమొక నియమము పెట్టుకొంటిమి. విహారదినమునఁ బొయ్యి వెలిఁగింపరాదు. ముందునాఁటి రాత్రియే మగవారును పిల్లలును గూడఁ జేయివేసి, జొన్నరొట్టెలు, తొక్కు, పెరుగన్నము సిద్ధము చేసికొనవలెను. బండి నడపువానితోఁ గలసి యందఱు నొక్కపంక్తిని భుజింపవలెను. మొదట మా చేతి రొట్టెలు కొన్ని మాఁడినవి, కొన్ని విఱిగినవి, వానినే తింటిమి. తరువాతి విహారమున రేగొండ సమీపముననున్న పాండవులగుట్టకుఁ బోయితిమి. పాండవు లచ్చట నివసించిరని జనులందురు. నిజమునకు వ్రాఁతయే యెఱుఁగని కాలపు మానవులు ఆ గుహల గోడలపై వ్రాసిన మృగముల చిత్రము లందుఁ గలవు. అడుగు వెలసిన రంగులలో నొక జింకయాకృతిని మాకంటె ముందుగాఁ గనిపెట్టినది చెఱువుకట్టమీఁదఁ బొగ చూచిన యా పొరుగింటి యామెయే. కన్నులు లేక కాదు, తీరిక లేకయే యామె యిన్నినాళ్లును చూడలేదని మాకప్పుడు బోధపడినది.

చదువరులారా, మఱి రెండుమాటలు చెప్పి ముగింతుము. 1841లో థామస్ కుక్కు ఇంగ్లండున లెస్టరునుండి లౌబరోకు సుమారైదువందలమందిని రైలులోఁ గొనిపోయెను. నేఁటి విహారయాత్రల వ్యాపారమున కది యారంభమని చెప్పుదురు. ఆ ప్రయాణము మద్యపాననిషేధసభకై యేర్పడినది. విహారయాత్ర యట్లు పుట్టఁగా, నేఁడు మన చెఱువుకట్టలమీఁద గాజుసీసాల ముక్కలు పిల్లల పాదములను గోయుచున్నవి. విహారమునకు మత్తు వలయునను వాఁడు చెఱువును జూచుటకు వచ్చినవాఁడు కాఁడు. రెండవది, ఏనుఁగుల వీరాస్వామయ్యగారు 1830–31 సంవత్సరములలోఁ గాశీయాత్ర చేయుచు త్రోవపొడుగునఁ జూచినదెల్ల వ్రాసికొనిరి. అది 1838లో అచ్చయి నేఁటికిని చదువఁబడుచున్నది. మన పిల్లలచేతను విహారదినమున నొక పుటయైన వ్రాయింపవలెను. వారేమి చూచిరో, ఎవరు పనిచేసిరో, ఎవరు కూర్చుండిరో యందు వ్రాయవలెను. ఆ పుటయే మన గృహమునకు నిజమైన యద్దము.

దొర వేటకుఁ బోవఁగా వెట్టివాఁడు డప్పు కొట్టిన కాలము గడచినది. తండ్రి చాఁపమీఁదఁ గూర్చుండఁగా తల్లి పొగలోఁ గూర్చుండు కాలముగూడ గడవవలెను. ఇంటిలో నొక్కరికి సెలవు లేకున్నను ఆ యింటికి సెలవు లేనట్లే. మైలాంబ త్రవ్వించిన చెఱువు మైలాంబవంటి వారందఱును గట్టుమీఁద నిలిచి చూచుటకే.