పేగుపూత వ్యాధులు: భారతదేశంలో వ్యాప్తి

పెద్దపేగుకే పరిమితమయ్యే అల్సరేటివ్ కొలైటిస్, జీర్ణనాళంలో ఎక్కడైనా రాగల క్రోన్స్ వ్యాధి కలిపి ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ (ఐబీడీ)గా వ్యవహరించే దీర్ఘకాలిక రుగ్మతలు. 2017 నాటికి ప్రపంచంలో రోగులు సుమారు 68 లక్షలు.

భారత్‌లో తొలినాటి ఇంటింటి సర్వేల్లో ప్రసిద్ధమైనది పంజాబ్‌లో జరిగింది. 2003లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం లక్ష మందిలో సుమారు 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రి బృందం జీర్ణకోశ లక్షణాలున్న 30 వేల మందికి పైగా పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించింది. పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఐబీడీ దాదాపు ఒకే స్థాయిలో కనిపించింది. అయితే ఈ స్థాయి లక్షణాలున్నవారిలో తేలిన నిష్పత్తి. మొత్తం జనాభాకు వర్తింపజేయరాదు.

బోధన్ పరిసర చెరకు పల్లెలకూ, నిజామాబాద్ పట్టణానికీ ఈ ఫలితం ఇచ్చే సందేశం ఒకటే: ఇది నగరాల జబ్బు మాత్రమే కాదు. వారాల తరబడి నెత్తురు విరేచనాలైతే మొలలనో, జిగట విరేచనాలనో సరిపెట్టుకోకుండా కొలనోస్కోపీ చేయించుకోవాలి.

పేగు క్షయ కూడా క్రోన్స్ లాగే చిన్నపేగు చివర పుండ్లు చేస్తుంది. బయాప్సీ ముక్కలో మధ్యభాగం కుళ్లిన కణికలు కనిపిస్తే క్షయవైపు మొగ్గుతారు. ఈ పోలిక వల్ల ఐబీడీ రోగుల లెక్కింపూ కష్టమవుతుంది.